రంగు చేపలు వెలిసిపోతున్నాయా? మందు వేసే ముందు వెలుతురు, ఒత్తిడి చూసుకోండి

అలంకార చేపల విలువంతా వాటి రంగులోనే ఉంది. ఒకే సైజు, ఒకే వయసు ఉన్న రెండు గోల్డ్‌ఫిష్‌లలో నిగనిగలాడే చేపకు ఒక ధర, వెలిసిన చేపకు ఇంకో ధర పలుకుతుంది. ఒక్కోసారి వెలిసిన చేపను అసలు ఎవరూ అడగరు. అందుకే రంగు కాస్త తగ్గగానే చాలామంది రైతులు, దుకాణదారులు, ఇంట్లో అక్వేరియం పెట్టుకున్నవారు దుకాణంలో దొరికే నీలం మందో, యాంటీబయోటిక్ పొడో తెచ్చి తొట్టెలో పోస్తారు. లేదా ఖరీదైన కలర్ ఫీడ్ కొంటారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ అవసరం ఉండవు. పైగా అవసరం లేని మందు ఫిల్టర్‌లో ఉన్న మేలు చేసే బ్యాక్టీరియాను చంపుతుంది. దాంతో నీటిలో అమ్మోనియా పెరిగి, అప్పటిదాకా రంగు మాత్రమే తగ్గిన చేపలు నిజంగానే జబ్బు పడతాయి.

చేప రంగు దాని ఆరోగ్యానికి, అది ఉన్న పరిసరాలకు అద్దం లాంటిది. రంగు మారిందంటే వెలుతురులోనో, నీటిలోనో, తోటి చేపల వల్లనో ఏదో తేడా వచ్చిందని అర్థం. ఆ తేడాను కనిపెట్టి సరిచేస్తే చాలావరకు రంగు దానంతట అదే తిరిగి వస్తుంది. దాన్ని ఎలా కనిపెట్టాలో ఈ వ్యాసంలో తెలుసుకోండి.

చేపకు రంగు ఎలా వస్తుంది?

చేప చర్మంలో, పొలుసుల మీద రంగు కణాలు ఉంటాయి. ఇవి ప్రధానంగా మూడు రకాలు.

1. నలుపు, గోధుమ రంగు కణాలు: వీటిలో మెలనిన్ ఉంటుంది. దీన్ని చేప తన శరీరంలోనే తయారు చేసుకుంటుంది.

2. పసుపు, నారింజ, ఎరుపు కణాలు: వీటిలోని రంగు ఎక్కువగా కెరోటినాయిడ్ల వల్ల వస్తుంది. కెరోటినాయిడ్లను చేప సొంతంగా తయారు చేసుకోలేదు. మేత ద్వారానే అందాలి.

3. మెరుపు కణాలు: వీటిలో రంగు పదార్థం ఉండదు. గ్వానిన్ అనే పదార్థంతో ఏర్పడిన సన్నని పలకలు వెలుతురును వెనక్కి కొట్టడం వల్ల వెండి మెరుపు, నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి. నియాన్ టెట్రా ఒంటి మీది నీలిగీత ఇలా ఏర్పడేదే.

నలుపు కణంలోని రంగు రేణువులు కణమంతా పరుచుకుంటే చేప ముదురుగా కనిపిస్తుంది. అవే రేణువులు కణం మధ్యకు చేరి చుక్కలా ముడుచుకుంటే చేప పాలిపోయినట్లు కనిపిస్తుంది. రంగు పదార్థం ఎక్కడికీ పోలేదు, ముడుచుకుందంతే. ఈ పరుచుకోవడం, ముడుచుకోవడం నరాలు, హార్మోన్ల అదుపులో ఉంటాయి. చేప బెదిరినప్పుడు విడుదలయ్యే హార్మోన్లు ఈ కణాల మీద నిమిషాల్లోనే పనిచేస్తాయి. మనిషి భయపడితే ముఖం పాలిపోయినట్లే ఇదీ.

అదే పరిస్థితి వారాల తరబడి కొనసాగితే సంగతి వేరు. అప్పుడు రంగు కణాల సంఖ్య, వాటిలోని రంగు పదార్థం కూడా తగ్గిపోతాయి. ఇలా తగ్గిన రంగు తిరిగి రావడానికి కూడా వారాలే పడుతుంది.

ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న: రంగు ఎంత సమయంలో మారింది?

కారణం తెలుసుకోవడానికి ఇది తేలికైన దారి. ఏ పరీక్షా చేయకముందే ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి.

నిమిషాల్లో, గంటల్లో మారితే: లైటు వేయడం, ఆర్పడం, బెదురు, వల వేసి పట్టడం, తొట్టె మార్చడం, తోటి చేప తరమడం వంటివి కారణం. రాత్రంతా చీకట్లో ఉన్న నియాన్ టెట్రాలు తెల్లవారి లైటు వేయగానే పాలిపోయి కనిపించడం సహజం. కొద్దిసేపటికి మామూలు రంగుకు వస్తాయి. దీనికి ఏ చికిత్సా అక్కర్లేదు.

రెండు మూడు రోజుల్లో మారితే: ముందుగా నీటిని అనుమానించాలి. ఆ తర్వాత జబ్బును, కొత్తగా వదిలిన చేపలను అనుమానించాలి.

వారాలు, నెలల్లో మెల్లగా మారితే: మేతలో లోపం, వెలుతురు చాలకపోవడం, తొట్టె అడుగు, గోడల రంగు, చేప వయసు, జాతి లక్షణం కారణం కావచ్చు.

ఒక్క చేప మాత్రమే మారిందా, తొట్టెలో అన్నీ మారాయా అన్నది రెండో ప్రశ్న. అన్నీ ఒకేసారి మారితే నీరు లేదా వెలుతురు కారణం. ఒక్కటే మారితే ఆ చేపను మరొకటి వేధిస్తుండవచ్చు, లేదా దానికి జబ్బు చేసి ఉండవచ్చు. చూపు పోయిన చేప చుట్టూ ఉన్న వెలుతురును గుర్తించలేక మిగతా వాటికంటే నల్లగా మారుతుంది. కాబట్టి గుంపులో ఒక్కటే నల్లబడితే దాని కళ్లను కూడా పరిశీలించండి.

వెలుతురు విషయంలో పాటించాల్సినవి

ఎన్ని గంటలు: రోజుకు 8 నుంచి 10 గంటల వెలుతురు సరిపోతుంది. దుకాణాల్లో అందంగా కనిపించాలని రాత్రింబవళ్లు లైట్లు వెలిగించి ఉంచుతారు. ఇది మంచిది కాదు. చేపలకు కనురెప్పలు ఉండవు. చీకటి పడితేనే వాటికి విశ్రాంతి. విశ్రాంతి లేని చేప మేత సరిగా తినదు, ఎప్పుడూ బెదురుతూ ఉంటుంది. తక్కువ ధరలో దొరికే టైమర్ ఒకటి పెట్టుకుంటే రోజూ ఒకే వేళకు లైటు వెలుగుతుంది, ఆరిపోతుంది.

ఒక్కసారిగా వేయవద్దు: చీకటిగా ఉన్న గదిలో నేరుగా తొట్టె లైటు వేస్తే చేపలు ఉలిక్కిపడి అద్దాలకు గుద్దుకుంటాయి. ముందు కిటికీ తెరవండి లేదా గదిలో లైటు వేయండి. 15 నుంచి 30 నిమిషాల తర్వాత తొట్టె లైటు వేయండి. ఆర్పేటప్పుడు కూడా ముందు తొట్టె లైటు, తర్వాత గది లైటు ఆర్పండి. కరెంటు తరచూ పోయి వచ్చే ఊళ్లలో గదిలో ఒక చిన్న బ్యాటరీ దీపం ఉంటే ఈ బెదురు తగ్గుతుంది.

ఎంత వెలుతురు: మొక్కలు లేకుండా చేపలు మాత్రమే ఉన్న 2 అడుగుల తొట్టెకు 8 నుంచి 10 వాట్ల ఎల్‌ఈడీ చాలు. అంతకు మించితే పాచి పెరుగుతుంది, చేపలు మూలల్లో దాక్కుంటాయి. టెట్రాలు, డిస్కస్‌ల వంటివి సహజంగా చెట్ల నీడ పడే నీళ్లలో బతికే చేపలు. తీవ్రమైన వెలుతురులో ఇవి పాలిపోతాయి. కొన్ని తేలే మొక్కలు వేసి నీడ కల్పిస్తే రంగు మెరుగుపడుతుంది.

చీకటి కూడా మంచిది కాదు: వెలుతురే తగలని మూల గదిలో వారాల తరబడి ఉంచిన గోల్డ్‌ఫిష్ రంగు వెలిసిపోతుంది. నిల్వ తొట్టెలను గోదాములో పెట్టేవారు ఈ సంగతి గమనించాలి.

లైటు రంగు: మన కంటికి కనిపించే చేప రంగు, దాని మీద పడే వెలుతురును బట్టి ఉంటుంది. ఎరుపు భాగం తక్కువగా ఉన్న లైటు కింద నారింజ రంగు గోల్డ్‌ఫిష్ మట్టి రంగులో కనిపిస్తుంది. గులాబీ రంగు లైటు కింద అదే చేప మండుతున్నట్లు కనిపిస్తుంది. రెండు చోట్లా చేప మాత్రం మారలేదు. లైటు మార్చిన తర్వాత రంగు తగ్గినట్లు అనిపిస్తే, చేపను పగటి వెలుతురులో ఒకసారి చూసి నిర్ణయించుకోండి. సాధారణ వాడకానికి 6,500 కెల్విన్ తెల్లని లైటు బాగుంటుంది. ఇళ్లలో వాడే కూల్ డేలైట్ ఎల్‌ఈడీలు ఈ రకమే. పెట్టె మీద సి.ఆర్.ఐ. 80 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది ఎంచుకుంటే రంగులు ఉన్నవి ఉన్నట్లు కనిపిస్తాయి.

లైటు ఎక్కడ ఉండాలి: మెరుపు కణాల రంగు వెలుతురు పడే కోణాన్ని బట్టి మారుతుంది. లైటును తొట్టె వెనుక వైపు కాకుండా ముందు అద్దానికి దగ్గరగా, పై నుంచి పడేలా అమర్చండి. నియాన్ టెట్రా, గప్పీల మెరుపు ఇట్టే తేడాగా కనిపిస్తుంది.

ఎండ: గాజు తొట్టెను నేరుగా ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకూడదు. వేసవిలో చిన్న తొట్టెలో నీరు మధ్యాహ్నానికి బాగా వేడెక్కి, రాత్రికి చల్లబడుతుంది. ఈ హెచ్చుతగ్గులు చేపకు పెద్ద ఒత్తిడి. ఆరుబయట సిమెంటు తొట్టెల్లో గోల్డ్‌ఫిష్, కోయి పెంచేవారికి మాత్రం సూర్యరశ్మి మేలు చేస్తుంది. లేత ఆకుపచ్చ నీటిలోని నాచు ఈ చేపలకు కెరోటినాయిడ్లను అందిస్తుంది. అయితే మార్చి నుంచి జూన్ వరకు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాలి. నీరు చిక్కటి ఆకుపచ్చగా మారితే తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గుతుంది. కొంత నీరు తీసి కొత్త నీరు పెట్టాలి.

తొట్టె అడుగు, వెనుక గోడ రంగు

చాలామంది పట్టించుకోని విషయం ఇది. చేప కంటికి పై నుంచి వచ్చే వెలుతురు, అడుగు నుంచి తిరిగి వచ్చే వెలుతురు రెండూ తెలుస్తాయి. అడుగు తెల్లగా ఉంటే కింద నుంచి వెలుతురు ఎక్కువగా వస్తుంది. అప్పుడు చేప శత్రువుకు కనపడకుండా తానూ పాలిపోతుంది. అడుగు ముదురుగా ఉంటే ముదురు రంగుకు మారుతుంది. చేపకు ఇది సహజమైన ఆత్మరక్షణ.

కాబట్టి తెల్లని పాలరాయి ముక్కలు, తెల్లని అడుగున్న తొట్టెలు రంగు చేపలకు తగవు. నది ఇసుక, నల్లని లేదా గోధుమ రంగు సన్న గులకరాళ్లు వేయండి. వెనుక అద్దానికి బయటి వైపు నల్లని లేదా ముదురు నీలం కాగితం అంటించండి. ఖర్చు పది, ఇరవై రూపాయలకు మించదు.

ఫలితం మీరే చూసుకోవచ్చు. ఒకే ఈడు చేపలను రెండు తొట్టెల్లో వేసి, ఒకదానికి మాత్రం ముదురు అడుగు, ముదురు వెనుక గోడ అమర్చండి. నీరు, మేత, లైటు రెండింటికీ ఒకేలా ఉంచండి. ప్రతి మూడో రోజు ఒకే వేళలో, ఒకే లైటు కింద ఫోటో తీసి పోల్చండి. రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. అమ్మకానికి సిద్ధమైన చేపలను కనీసం రెండు వారాల ముందు నుంచే ఇలాంటి తొట్టెల్లో ఉంచడం లాభదాయకం.

ఒత్తిడి కలిగించే ఇతర కారణాలు

ఇరుకు, తోటి చేపలు: టైగర్ బార్బ్‌లు ఫైటర్, ఏంజెల్ చేపల రెక్కలు కొరుకుతాయి. వీటిని కలిపి ఉంచకూడదు. టైగర్ బార్బ్‌లను కనీసం 6 కలిపి ఉంచితే తమలో తామే తరుముకుంటూ ఇతర చేపల జోలికి తక్కువగా వెళతాయి. నియాన్ టెట్రాలు కూడా గుంపు చేపలు. రెండో మూడో ఉంటే బెదురుతూ పాలిపోతాయి. సిక్లిడ్ జాతుల్లో పెత్తనం చేసే మగచేప మంచి రంగులో ఉంటుంది. దానికి లొంగిన మగచేపలు ఆడచేపల్లా వెలవెలబోతాయి. అలాంటప్పుడు మేత మార్చినా లాభం లేదు. పెత్తనం చేసే చేపను వేరు చేయాలి.

దాక్కునే చోటు లేకపోవడం: నాలుగు వైపులా గాజు, మధ్యలో ఖాళీ నీరు ఉన్న తొట్టెలో చేపకు భద్రత ఉండదు. మొక్కలు, చెక్క దుంగలు, మట్టి కుండ ముక్కలు పెట్టండి. మూడు వైపులా అద్దాలను మూసి ఒక వైపు నుంచే చూడటం ఇంకా మంచిది. దాక్కోవడానికి చోటు ఉన్న చేపే ధైర్యంగా బయట తిరుగుతుంది.

అద్దంలో ప్రతిబింబం: గది చీకటిగా ఉండి తొట్టెలో మాత్రమే లైటు వెలుగుతుంటే లోపలి గాజు అద్దంలా మారుతుంది. ఫైటర్ చేప తన నీడనే శత్రువనుకొని గంటల తరబడి రెక్కలు విప్పి పోట్లాడుతుంది. అలసిపోయి మేత మానేస్తుంది. గదిలో కూడా వెలుతురు ఉంటే, లేదా తొట్టె లైటు తగ్గిస్తే ఈ సమస్య తీరుతుంది. ఫైటర్ సీసాలను పక్కపక్కన పెట్టేటప్పుడు మధ్యలో అట్టముక్క తప్పనిసరి.

శబ్దం, అదురు: చేప శరీరం పక్కల ఉండే గీత నీటిలోని చిన్న కదలికను కూడా పసిగడుతుంది. టీవీ, స్పీకర్లు, మోటారు, పదేపదే తలుపు వేసే చోటుకు దూరంగా తొట్టె ఉండాలి. దీపావళి టపాసులు, ఊరేగింపు డీజేల సమయంలో తొట్టె లైటు ఆర్పి, దుప్పటి కప్పి ఉంచండి. అయితే గాలి అందేలా చూసుకోండి. అద్దం మీద వేలితో కొట్టకుండా పిల్లలకు, కొనుగోలుదారులకు చెప్పండి.

దోమల మందులు: ఇళ్లలో వాడే దోమల మందుల్లో ఎక్కువగా ఉండే పైరిత్రాయిడ్ రసాయనాలు చేపలకు చాలా విషం. ఏరేటర్ గదిలోని గాలినే లాగి నీటిలోకి పంపుతుంది. తొట్టె ఉన్న గదిలో స్ప్రేలు, కాయిల్స్, కొత్త పెయింటు వాసన లేకుండా జాగ్రత్త పడాలి.

రవాణా: మన దుకాణాలకు చెన్నై కొళత్తూరు, కోల్‌కతా వంటి కేంద్రాల నుంచి చేపలు కవర్లలో గంటల తరబడి ప్రయాణించి వస్తాయి. దిగిన వెంటనే అవి పాలిపోయి ఉండటం సహజం. బాగా చూసుకుంటే ఒకటి నుంచి మూడు రోజుల్లో కోలుకుంటాయి. ఈ కింది పద్ధతి పాటించండి.

* పంపేవారు ప్యాకింగ్‌కు 24 గంటల ముందు మేత ఆపాలి. కవరులో మూడో వంతు నీరు, మిగతా భాగం ప్రాణవాయువు ఉండాలి. పెట్టెలో చీకటిగా, చల్లగా ఉండాలి.

* చేపలు దిగాక తొట్టె లైటు ఆర్పి, కవరు విప్పకుండా 15 నుంచి 20 నిమిషాలు నీటిపై తేలనివ్వాలి. దీంతో రెండు నీళ్ల వేడి సమానమవుతుంది.

* తక్కువ దూరం నుంచి వచ్చిన చేపలైతే తొట్టె నీటిని కొద్దికొద్దిగా కవరులో కలిపి, తర్వాత వదలాలి.

* చాలా గంటలు ప్రయాణించిన కవరును విప్పాక ఆలస్యం చేయవద్దు. మూసి ఉన్న కవరులో చేపల శ్వాస వల్ల బొగ్గుపులుసు వాయువు పెరిగి పి.హెచ్. తగ్గుతుంది. అందువల్ల అమ్మోనియా ఉన్నా ఎక్కువ హాని చేయదు. కవరు విప్పగానే ఆ వాయువు బయటకు పోయి పి.హెచ్. పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. తొట్టె నీటిని ముందే సిద్ధంగా ఉంచుకొని, విప్పిన వెంటనే చేపలను చేతివలతో తీసి తొట్టెలోకి మార్చాలి. కవరు నీటిని తొట్టెలో పోయకూడదు.

* ఆ రోజు మేత వేయవద్దు. లైటు మరుసటి రోజు వేయండి.

నీటి నాణ్యత

రెండు మూడు రోజుల్లో అన్ని చేపలూ పాలిపోతే ముందుగా నీటినే పరీక్షించాలి. అక్వేరియం దుకాణాల్లో దొరికే టెస్ట్ కిట్లు సరిపోతాయి.

* అమ్మోనియా, నైట్రైట్: సున్నా చూపాలి. ఏ మాత్రం కనిపించినా వెంటనే 25 నుంచి 30 శాతం నీరు మార్చి, మేత ఆపాలి. పి.హెచ్., నీటి వేడి పెరిగే కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. బోరు నీటి పి.హెచ్. 8 దాటే ప్రాంతాల్లో వేసవిలో మరింత జాగ్రత్త అవసరం.

* పి.హెచ్.: చాలా రకాలకు 6.5 నుంచి 8 వరకు పర్వాలేదు. అంకె కంటే నిలకడ ముఖ్యం. ఒక్కరోజులో పెద్ద మార్పు రాకూడదు.

* ప్రాణవాయువు: లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఏరేటర్ చూసుకోండి. కరెంటు కోతలు ఉంటే బ్యాటరీ ఏరేటర్ పెట్టుకోండి.

* వేడి: ఏంజెల్, గప్పీ, మోలీ వంటి ఉష్ణమండల చేపలకు 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ అనుకూలం. గోల్డ్‌ఫిష్‌కు ఇంతకంటే చల్లని నీరు మేలు.

వారానికి 20 నుంచి 30 శాతం నీరు మార్చడం అలవాటు చేసుకోండి. మొత్తం నీరు ఒకేసారి తీసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగడం పెద్ద పొరపాటు. స్పాంజిని తొట్టె నుంచి తీసిన నీటిలోనే పిండాలి. బోరు నీటిని డ్రమ్ములో 24 గంటలు గాలి పట్టించి వాడాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని కూడా గాలి పట్టించి నిల్వ చేయాలి, లేదా క్లోరిన్ విరుగుడు కలపాలి.

చేప రకాన్ని బట్టి గుర్తులు

అన్ని చేపలూ ఒత్తిడిలో తెల్లబడవు. కొన్ని నల్లబడతాయి. మీ చేప ఎలా మారుతుందో తెలుసుకోండి.

గోల్డ్‌ఫిష్: పిల్లలు పుట్టినప్పుడు మట్టి రంగులో ఉండి, రెండు మూడు నెలల వయసులో నారింజకు మారడం మొదలవుతుంది. బ్లాక్ మూర్ వయసు పెరిగే కొద్దీ నలుపు తగ్గి కంచు, నారింజ రంగులోకి మారవచ్చు. ఇవి జబ్బులు కావు. అమ్మోనియా దెబ్బ తిని కోలుకుంటున్నప్పుడు కొత్తగా నల్ల మచ్చలు కనిపించవచ్చు. చేప చురుకుగా ఉంటే నీరు శుభ్రంగా ఉంచండి, మచ్చలు తగ్గుతాయి.

ఫైటర్: ఒత్తిడిలో, ముఖ్యంగా ఆడచేపల్లో, ఒంటి పొడవునా అడ్డంగా చారలు కనిపిస్తాయి. నిలువు చారలు కనిపిస్తే ఆడచేప జత కట్టడానికి సిద్ధంగా ఉందని గుర్తు. మార్బుల్ రకం ఫైటర్లు జాతి లక్షణం వల్లే రంగులు మారుస్తాయి.

ఏంజెల్: బెదిరినప్పుడు నిలువు చారలు ముదురుతాయి లేదా ఒక్కసారిగా పాలిపోతాయి.

డిస్కస్: ఒంటి మీద నిలువు చారలు తేలి, చేప మొత్తం నల్లబడి మూలకు చేరుతుంది. ఈ గుర్తు రెండు రోజులు ఉంటే నీరు, తోటి చేపలు రెండూ చూడాలి.

నియాన్ టెట్రా: రాత్రి పాలిపోవడం మామూలే. పగలు కూడా ఒంటి మీద ఒకచోట ఎర్రగీత తెల్లని మచ్చలా మారి, మచ్చ పెద్దదవుతుంటే అది పరాన్నజీవి వల్ల వచ్చే నియాన్ టెట్రా జబ్బు. దీనికి నమ్మకమైన చికిత్స లేదు. ఆ చేపను వెంటనే వేరు చేయాలి.

ఒత్తిడి కాదు, జబ్బు అని ఎలా తెలుస్తుంది?

ఒత్తిడి వల్ల వచ్చిన మార్పు ఒళ్లంతా సమానంగా ఉంటుంది, పరిస్థితి చక్కబడితే తగ్గుతుంది. జబ్బులో మార్పు ఎక్కువగా మచ్చలుగా, పొరలుగా, పుండ్లుగా ఉంటుంది.

* ఉప్పు చల్లినట్లు తెల్ల చుక్కలు ఉండి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే తెల్లమచ్చల జబ్బు.

* బంగారు రంగు పొడి పూసినట్లు ఉంటే వెల్వెట్ జబ్బు. గది చీకటి చేసి టార్చిలైటు పక్క నుంచి వేస్తే బాగా కనిపిస్తుంది.

* ఒంటి మీద బూడిద రంగు జిగురు పొర ఉంటే చర్మ పరాన్నజీవులు.

* వీపు మీద జీను వేసినట్లు తెల్లని పట్టీ, నోటి చుట్టూ దూది లాంటి తెలుపు ఉంటే కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు.

ఇలాంటి గుర్తులు ఉంటేనే మందు గురించి ఆలోచించాలి. చేపను వేరే తొట్టెకు మార్చి, దగ్గరలోని మత్స్యశాఖ అధికారి లేదా కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త సలహాతో చికిత్స చేయాలి. అందరూ వాడుతున్నారని అసలు తొట్టెలో మెథిలీన్ బ్లూ పోయవద్దు. అది ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. మరో విషయం, ఎక్కువ రోజులు ఒత్తిడిలో ఉన్న చేపకు జబ్బును తట్టుకునే శక్తి తగ్గుతుంది. కాబట్టి మందుతో జబ్బు తగ్గినా, ఒత్తిడికి కారణం పోకపోతే మళ్లీ వస్తుంది.

రంగు కోసం మేత

వెలుతురు, నీరు, తోటి చేపలు అన్నీ సరిగా ఉండి, ఎరుపు, నారింజ రంగు నెలల తరబడి తగ్గుతూ వస్తుంటే మేతను సరిచూడాలి. ఊరికే తవుడు, బ్రెడ్ ముక్కలు, మరమరాలు వేస్తే కెరోటినాయిడ్లు అందవు. మనకు అందుబాటులో ఉన్నవి ఇవి.

* స్పిరులినా పొడి: 100 గ్రాముల మేతకు 5 గ్రాములు.

* బంతిపూల రేకులు: పురుగుమందు చల్లని పూలే వాడాలి. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి పొడి చేయాలి. ఎండ తగిలితే రంగు పదార్థం చెడిపోతుంది.

* రొయ్య తలల పొడి: కోస్తా జిల్లాల్లో రొయ్యల శుద్ధి కేంద్రాల దగ్గర తలలు, పెంకులు వ్యర్థంగా వస్తాయి. తాజాగా ఉన్నవి ఉడికించి, ఆరబెట్టి పొడి చేసి కొద్దిగా కలపవచ్చు.

* క్యారెట్: ఉడికించి మెత్తగా చేసి మేతలో కలపవచ్చు.

ఫలితం కనిపించడానికి 4 నుంచి 8 వారాలు పడుతుంది. మేతను గాలి చొరబడని డబ్బాలో, వెలుతురు తగలని చోట ఉంచండి. ఏ మేతైనా రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వేయండి. మిగిలిన మేత కుళ్లి అమ్మోనియాగా మారితే కలర్ ఫీడ్ వల్లే రంగు పోయినట్లవుతుంది. మేతతో నీలం, వెండి మెరుపు పెరగదని కూడా గుర్తుంచుకోండి. అవి మెరుపు కణాల పని.

కొనేటప్పుడు మోసపోకండి

మన చెరువులు, కాలువల్లో కూడా ఉండే పారదర్శకమైన గాజు చేపలకు సూదితో రంగు ఎక్కించి అమ్ముతారు. ఆ రంగు కొన్ని వారాలు, నెలల్లో పోతుంది. సూది గాయాల వల్ల చాలా చేపలు జబ్బు పడి చనిపోతాయి. గప్పీలకు మగ హార్మోన్ కలిపిన మేత పెట్టి, చిన్న వయసులోనే రంగు తెప్పించడం కూడా ఉంది. అలాంటి ఆడచేపలు పిల్లలు పెట్టకపోవచ్చు. విత్తన చేపల కోసం కొనేవారు నష్టపోతారు. ఆడ గప్పీలు కూడా మగవాటిలా రంగులు తేలి ఉంటే అనుమానించండి. గులాబీ, నీలం లైట్ల కింద ఉన్న చేపలను తెల్లని లైటు కింద చూపమని అడగండి. మీ ముందు మేత వేయించి, చురుకుగా తింటేనే కొనండి.

రంగు తగ్గినప్పుడు వరుసగా చేయాల్సినవి

1. ఎంత సమయంలో మారింది, ఒక్కటా, అన్నీనా అని గమనించండి. ఫోటో తీసి పెట్టుకోండి.

2. తొట్టె లైటు ఆర్పి ఒక గంట కదిలించకుండా ఉంచండి. రంగు తిరిగి వస్తే అది బెదురు మాత్రమే.

3. రాకపోతే అమ్మోనియా, నైట్రైట్, పి.హెచ్., వేడి పరీక్షించి 25 శాతం నీరు మార్చండి.

4. పది నిమిషాలు దూరంగా కూర్చుని చూడండి. ఏ చేప దేన్ని తరుముతోందో తెలుస్తుంది.

5. చర్మం మీద చుక్కలు, పొర, పుండు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ చేపను వేరు చేసి సలహా తీసుకోండి.

6. ఇవేవీ కాకపోతే లైటు వేళలు, అడుగు రంగు, దాక్కునే చోటు సరిచేయండి. మూడు వారాలు ఆగండి.

7. అప్పటికీ మార్పు లేకపోతే మేత మార్చండి.

ఒకేసారి అన్నీ మార్చకండి. లైటు, నీరు, మేత, మందు ఒకే రోజు మారిస్తే దేని వల్ల బాగుపడిందో, దేని వల్ల పాడైందో తెలియదు. పైగా అన్ని మార్పులూ కలిసి చేపకు కొత్త ఒత్తిడి అవుతాయి. ప్రతి తొట్టెకు ఒక పుస్తకం పెట్టి తేదీ, నీరు మార్చిన శాతం, లైటు గంటలు, చేప రంగు రాసుకోండి. రెండు మూడు నెలలు రాస్తే మీ నీటికి, మీ ఊరి వాతావరణానికి ఏ రకం చేప ఎలా స్పందిస్తుందో ఆ పుస్తకం చూస్తేనే తెలిసిపోతుంది.